డాక్టరమ్మకు తపాసణ

తారానగర్‌లో తెల్లబట్ట కట్టేవాళ్లు ఇద్దరే. ఒకరు పాడె మీద పోయేవాళ్లు, రెండోది డాక్టరమ్మ కృపమణి. ఇనుపరాయి ధర ఆకాశానికెక్కి, గనుల లారీలు పగలూ రాత్రీ తిరిగిన ఆ ఏళ్లలో మా ఊళ్లో చెట్ల ఆకులు, గేదెల వీపులు, ఆరేసిన గుడ్డలు అన్నిటిదీ ఒకటే ఎర్రరంగు. నా పేరు పంపాపతి, దర్జీని. ఆమె ఆస్పత్రికి ఎదురుగానే నా అంగడి. ఆమె తెల్లకోట్లు కుట్టేది నేనే, ఉతికేది ఆయా యంకమ్మ. ఎంత నీలిమందు పెట్టినా ఉతికిన ప్రతిసారీ అవి ఇంకొంచెం ఎర్రబడేవి.

కృపమణిది బళ్లారిలో పాత మిషన్ సంఘం కుటుంబం. మైనింగు దుడ్డు వచ్చాక కుర్ర డాక్టర్లంతా హొసపేటలో మేడలు కట్టి నర్సింగ్‌హోములు పెట్టారు. ఈమె మాత్రం తన రెండు గదులూ వరండా వదిలి కదల్లేదు. ఆమెకు కోపం వచ్చేది ఒక్కదానికే. నెలల తరబడి దగ్గి దగ్గి, నెత్తురు పడ్డాక వచ్చి, “ఎప్పట్నుంచి?” అంటే “నిన్నమొన్నట్నుంచేమ్మా” అనేవాళ్లను చూస్తే ఒంటికాలి మీద లేచేది.

“రోగం దాస్తే పోతాదా? లోపల్లోపల తింటాంటాది” అని తిట్టి, తిట్టినదానికి పరిహారంగా ఫీజు వదిలేసేది.

నా చూపు మందగించినప్పటి నుంచి నా సూదుల్లో దారం ఎక్కించేది కూడా ఆమే. రోగులు లేని వేళ వచ్చి అరుగు మీద కూర్చుని, నాలుగు సూదులకు ఎక్కించి, ఊరి కబుర్లు విని పోయేది. ఒకరోజు సూది బెజ్జం వదిలి పక్కన గాలిలో పొడిచి పొడిచి, “ఈ దారం బాగలేదప్పా” అని పక్కన పెట్టింది. దారం బాగానే ఉంది.

ఆమె కుడికంట్లో పొర. ఎడమదాంట్లోనూ మొదలైంది. యంకమ్మకు నాకంటే ముందే తెలుసు. చెవిలో వేసే చుక్కలమందు ఒక పసిబిడ్డ కంట్లో వేయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది యంకమ్మే. ఆ దినం డాక్టరమ్మ అన్నం ముట్టలేదు. ఆపరేషను చేయించుకోమని మేమిద్దరం ఎంత చెప్పినా వినలేదు.

“నేను పోతే ఈడ బీగం పడ్తాది. సండూరు ఆస్పత్రికి పోయే దోవలో లారీల మధ్య ఇరుక్కొని బిడ్డల ప్రాణాలు పోతాయి” అనేది. అది నిజమే. ఆమె భయపడిందన్నదీ నిజమే. ఊరందరికీ సూదులు పొడిచిన మనిషి, తన కంటికి కత్తి అనేసరికి చిన్నపిల్ల అయిపోయింది.

సరిగ్గా అప్పుడే బళ్లారి నుంచి నోటీసు వచ్చింది. ప్రైవేటు ఆస్పత్రులన్నీ రిజిస్టరు కావాలి, ఆఫీసరు వచ్చి శుభ్రం, భద్రత చూస్తారు, బాగుంటే సంతకం, లేకుంటే మూత. డాక్టరమ్మ అన్నీ సిద్ధం చేసింది. వాడిన సూదులకు వేరే డబ్బా, ఇసుక బకెట్లు, గోడ మీద ఫీజుల బోర్డు. మంచం చుట్టూ పచ్చ తెర నేను కుట్టిచ్చాను. కంట్లో తెర సంగతి మాత్రం ఎవరికీ చెప్పొద్దని మా ఇద్దరి దగ్గరా ఒట్టు వేయించుకుంది.

యంకమ్మ ఆ ఒట్టు తప్పలేదు. కానీ కుళాయి దగ్గర, “డాక్టరమ్మకి తపాసణ ఉండాది. బళ్లారి నుంచి పెద్ద డాక్టరమ్మ వస్తాండాది” అని ఒక మాట వదిలింది. కన్నడం నుంచి వచ్చిన ఈ తపాసణతో మా వైపు వచ్చిన చిక్కే అది. ఆఫీసరు వచ్చి తనిఖీ చేసేదీ తపాసణే, డాక్టరు రోగిని పరీక్ష చేసేదీ తపాసణే. బిందెలు నిండేలోగా డాక్టరమ్మకు పెద్దరోగం వచ్చిందని ఊరంతా పాకిపోయింది.

తనిఖీకి వచ్చిన ఆఫీసరు రంజిత చిన్నవయసు మనిషి. సూదుల డబ్బా చూసింది, ఫ్రిజ్ తెరిచింది, మంచం కింద కూడా వంగి చూసింది. డాక్టరమ్మ ఏ సీసా ఏ అరలో ఉందో ముందే బట్టీపట్టి, అడిగిందల్లా తడుముకోకుండా తీసిచ్చింది.

“అన్నీ సరిగ్గా ఉండాయి మేడం” అని రంజిత పెన్ను తీసింది. తెర కొక్కేలు సరిచేసే నెపంతో అక్కడే నిలబడ్డ నాకు ప్రాణం కుదుటపడింది. ఆ పసిబిడ్డ కన్ను గుర్తొచ్చి వెంటనే సిగ్గూ వేసింది.

అప్పుడే మా ఊరి ముసలి బసవ్వ తెర తోసుకుని లోపలికొచ్చింది. చంకలో కోడిపెట్ట. వెనక వరండా నిండా జనం.

“తల్లీ, మా డాక్టరమ్మకి ఏమైండాదో దాచొద్దు” అంది రంజితతో. “ఊపిరాడక నీలమైపోయిన నా మనవణ్ణి బతికించిన చెయ్యి అది. ఈ కోడి తీసుకో. బాగా చూడు.”

ఆమె వెనక లారీ డ్రైవరు గాళెప్ప, రెండు ఎళనీరు కొబ్బరిబోండాలతో. “బెంగళూరికి తీసకపోవాలంటే నా లారీ ఉండాది మేడం. లోడు ఈడే పారబోస్తా” అన్నాడు.

రంజితకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అయ్యాక పడీపడీ నవ్వింది. “నేను ఆస్పత్రి తపాసణకి వచ్చినానవ్వా. డాక్టరు తపాసణకి కాదు.”

వరండా అంతా నవ్వులు. యంకమ్మ కొంగుతో మూతి మూసుకుంది. బసవ్వ ఒక్కతే నవ్వలేదు. డాక్టరమ్మ దగ్గరికి పోయి గడ్డం పట్టుకుని, “అయితే నీకేం లేదు గదమ్మా?” అని అడిగింది.

కృపమణి కుర్చీలోంచి లేచి, ఇన్నేళ్లలో తానెప్పుడూ కూర్చోని రోగుల స్టూలు మీద కూర్చుంది.

“సంతకం పెట్టొద్దమ్మా” అంది రంజితతో. “ముందు నన్ను చూడు.” కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

రంజిత టార్చి వేసి రెండు కళ్లూ చూసింది. నవ్వు పోయింది. “ఎప్పట్నుంచి మేడం?”

“నిన్నమొన్నట్నుంచే” అంది డాక్టరమ్మ.

అనేసి, తనమాట తానే విని నోరు మూసుకుంది.

“రెండేండ్లాయ” అంది యంకమ్మ, మెల్లగా.

డాక్టరమ్మకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు కారిపోయాయి. నేనూ ఏడ్చాను, దాచుకోవడం దేనికి.

ఆమె కళ్లు బాగయ్యేదాకా ఆస్పత్రికి బీగం పడింది. రంజిత మాటిచ్చినట్టే, సర్కారు డాక్టరు వ్యాను వారం వారం ఊళ్లోకి వచ్చేది. బళ్లారిలో ముందు ఒక కన్ను, మానాక రెండోది. తిరిగొచ్చిన దినం, ఇస్త్రీ చేసిన ఆమె పాతకోటు తీసుకుని వెళ్లాను. ఆమె దాన్ని కిటికీ వెలుతురులో పట్టుకుని చూసింది. కొత్తగా సున్నం వేసిన గోడను చూసింది. మళ్లీ కోటును చూసింది.

“ఇది ఎర్రగుండాది కదప్పా.”

నేను మెడలో టేపు సర్దుకున్నాను.

“దీన్నే తెల్లకోటని తొడుక్కొని తిరుగుతాంటినా? ఎప్పట్నుంచి ఇట్లుండాది?”

“నిన్నమొన్నట్నుంచేమ్మా” అన్నాను.

ఈసారి ఆమె ఒంటికాలి మీద లేవలేదు. నా చొక్కాకు గుచ్చి ఉన్న సూది తీసుకుని, ఒక్క పొడుపులో దారం ఎక్కించి నా చేతికిచ్చింది.