నవ్వకూడని కుర్చీ

ఈ మాట ఎన్నేళ్ళుగానో గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళయితే పోనీలే, ఎప్పటి సంగతో అంటారు. మీరు మాత్రం అనకండి.

నన్ను పెంచింది మా పిన్ని. అమ్మ పోయాక అండమాన్‌లో, బాంబూఫ్లాట్‌లోని తన ఇంట్లో పెట్టుకుంది. చేపల బుట్ట తలకెత్తుకునే ముందు నాకు జడ వేసి, అన్నం పెట్టి బడికి పంపేది. నేను చదువుకుని, హార్బర్ దాటి వచ్చి, పోర్ట్ బ్లెయిర్‌లో ఒక పరిశోధనశాలలో సహాయకురాలిగా చేరాను. కొత్తలో ఒకరోజు భోజనాల దగ్గర ఒకావిడ, బస్సులో చేపలమ్మే మనిషి పక్కన కూర్చోవాల్సి వచ్చిందంటూ ముక్కు మూసుకుని చూపించింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ వెంటనే మీవాళ్ళేం చేస్తారని నన్నడిగితే, ప్రోతరాపూర్‌లో కిరాణా కొట్టు అన్నాను. ఎందుకన్నాను? ఎవరూ నా పీక మీద కత్తి పెట్టలేదు. నోట్లోంచి అలా జారింది. ఆ తర్వాత ఆ అబద్ధానికి కాపలా కాయడమే నాకు పెద్ద పనైపోయింది.

అక్కడ జరిగేది ఒత్తిడి మీద పరిశోధన. ఒకే రకం ఒత్తిడి మళ్ళీ మళ్ళీ ఎదురైతే ఒంట్లో ఏం జరుగుతుందో చూడటం. వచ్చిన మనిషికి గుండె వేగం కొలిచే పట్టీ కట్టి, ముక్కూమొహం తెలియని ఇద్దరి ముందు తన గురించి మాట్లాడమంటారు. తర్వాత ఒక పెద్ద అంకె నుంచి తగ్గించుకుంటూ వెనక్కి లెక్కపెట్టమంటారు. తప్పితే మళ్ళీ మొదటికి. చివర్లో దూది చుట్ట నమిలించి ఉమ్మి తీస్తారు, ఒత్తిడికి పుట్టే హార్మోను ఎంత పెరిగిందో అందులో తెలుస్తుంది. కొన్నాళ్ళకు అదే మనిషిని పిలిచి మళ్ళీ అదే పరీక్ష. ఎదురుగా కూర్చున్న ఇద్దరూ నవ్వకూడదు, తల ఊపకూడదు, ఫర్వాలేదు అనకూడదు. ఆ ఇద్దరిలో నేనొకదాన్ని. ఆ పని నాకు భలే వచ్చని పరిశోధన నడిపే సార్ మెచ్చుకునేవారు కూడా.

ఒకరోజు బాంబూఫ్లాట్ ఫెర్రీలో కొందరు బెస్త ఆడవాళ్ళు ఆ పరీక్షకు వచ్చారు. వాళ్ళలో పిన్ని ఉంది. పండక్కి కట్టుకునే చీర కట్టుకుంది. ఎదురుగా కూర్చునేవాళ్ళు తెలిసినవాళ్ళైతే వేరే మనిషిని మార్చాలి, అది నియమం. సార్ ఆమెను హిందీలో అడిగారు, వీళ్ళలో ఎవరైనా తెలుసా అని. పిన్ని నా వైపు చూసింది. నేను చెప్పాల్సింది ఒక్క ముక్క. ఈవిడ మా పిన్ని సార్ అంటే చాలు. నేను తల వంచుకుని కలం మూత తీసి పెట్టుకుంటూ కూర్చున్నాను. కాసేపు నా కోసమే ఆగింది అనుకుంటాను. అప్పుడు "నహీ" అంది.

మొదటిసారి ఎలాగో మాట్లాడింది. రెండోసారి మధ్యలో మాటలు ఆగిపోయాయి. బేరాల్లో ఎవరికీ లొంగని మనిషి, చీర చెంగు వేలికి చుట్టుకుంటూ నన్నే చూస్తూ నిలబడింది. నేను ముఖం కదపలేదు. గొంతు బాగా తగ్గించి, మన భాషలో అడిగింది.

"నానేటి తప్పు సేసినాను తల్లీ?"

నేను ఏమన్నానో తెలుసా?

"హిందీ మే బోలియే. సమయ్ బాకీ హై."

హిందీలో మాట్లాడండి, ఇంకా టైముంది అన్నాను. నియమం ప్రకారం అది సరైన మాటే. ఆ నియమం చాటున ఎన్నేళ్ళు దాక్కున్నానో! మూడోసారి ఆమె అసలు నా వైపు చూడలేదు.

ఒకే పరీక్ష మళ్ళీ మళ్ళీ ఎదురైతే ఇందులో ప్రమాదమేమీ లేదని ఒళ్ళు నేర్చుకుంటుంది, గుండె అదురు తగ్గుతూ పోతుంది అని సార్ చెప్పేవారు. దాదాపు అందరికీ అలాగే తగ్గింది. పిన్నికి తగ్గలేదు, ప్రతిసారీ ఇంకాస్త పెరిగింది. ఈమెకెందుకు అలవాటు కావడం లేదు అని సార్ నన్నే అడిగారు. వాళ్ళ బతుకులే అంత సార్, వాళ్ళకి సవాలక్ష కష్టాలు అన్నాను. వాళ్ళు అన్నాను చూశారా? పరీక్షలన్నీ అయ్యాక, ఆ బిగుసుకున్న ముఖాలన్నీ నటనేనని అందరికీ చెప్పి టీలు ఇచ్చారు. ఆడవాళ్ళు హమ్మయ్య అని నవ్వుకున్నారట. నేను ఆ గదిలోకి వెళ్ళలేదు. నాది నటన అని ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

ఆ తర్వాత బాంబూఫ్లాట్‌లో ఇంటికి వెళ్తే పిన్ని ఎప్పటిలాగే కూర వండి పెట్టింది. ఏమీ అడగలేదు. తల్లీ అని మాత్రం పిలవలేదు. జెట్టీ దగ్గర నేను ఆఫీసువాళ్ళతో ఉంటే, బుట్టతో అవతలి వైపుకు తప్పుకునేది. నా ప్రాణానికి హాయిగా ఉండేది. ఇదీ ఒప్పుకోవాలి, లేకపోతే ఈ చెప్పడమంతా దండగ.

మొన్న పిన్నికి ఆయాసం వచ్చిందని పొరుగువాళ్ళు ఫోన్ చేస్తే ఆస్టినాబాద్‌లోని మా ఇంటి నుంచి పరుగెత్తుకెళ్ళి ఆస్పత్రిలో చేర్చాను. నర్సు నన్ను చూపించి ఈమె మీకేమవుతుందని అడిగింది. నేను నోరు తెరిచేలోపు, ఆ ఎగశ్వాసలోనే పిన్ని చెప్పింది.

"కోయీ నహీ సిస్టర్. మేడమ్ హై."

ఎవరూ కాదట, మేడమట. ఎత్తిపొడుపు కాదు. నా పరువు కాపాడుతోంది. నేను ఆమె కూతుర్నని హిందీలో గట్టిగా చెప్పాను. పిన్ని కళ్ళు మూసుకుంది. ఆ మూసుకోవడానికి అర్థమేమిటో నాకింకా తెలియదు. క్షమించమని అడుగుదామనుకున్నాను. ఊపిరాడని మనిషి ముందు నా బరువు దింపుకోవడమా? అడగలేదు.

రెండు పూటలు చూశాక నర్సు నన్ను పక్కకు పిలిచింది. ఏమనుకోవద్దు, మీరు పక్కనుంటే ఆమె బీపీ పెరుగుతోంది, చూసేటప్పుడు కాస్త బయట ఉండండి అంది. ఎందుకో అర్థం కావడం లేదంది.

నేను చెప్పాను. ఆమె నన్ను పెంచిన పిన్ని సిస్టర్, ఒకప్పుడు నలుగురిలో ఆమె ఎవరో తెలియనట్టు కూర్చున్నాను, అప్పటి నుంచీ నా ముఖం చూస్తే ఆమె గుండె ఇలాగే కొట్టుకుంటుంది అన్నాను. జీవితంలో మొదటిసారి ఆ మాట పైకి అన్నాను. నర్సు, సరే, బయట కూర్చోండి అని తెర లాగింది.

వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. కాసేపటికి నర్సు తల బయటపెట్టి, ఇప్పుడు బీపీ తగ్గింది అని చెప్పి వెళ్ళింది.