రేకుల షెడ్లకు తీసుకెళ్ళిన ఆయమ్మ

చిట్యాల బస్టాండులో నిలబడి ఉండగా మా చిన్నమ్మ కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, ఆయమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ తాగి గట్లనే గోడకు ఒరిగిందంట. జల్ది రా." నేను ఎక్కాల్సిన బస్సు కళ్ళముందే వెళ్ళిపోయింది.

ఆయమ్మ మా ఊరి అంగన్‌వాడీలో ఆయా. ఊళ్ళో చాలామందిమి ఆమె చేతి పప్పన్నం తిని పెరిగినవాళ్ళమే. ఎవరి పిల్ల ముక్కయినా తన కొంగుతోనే తుడిచేది. అన్నం పెట్టేముందు గిన్నెను చెంపకు ఆనించుకుని వేడి చూసేది.

వేరే రాష్ట్రాల నుంచి ఫ్యాక్టరీ పనికి వచ్చినవాళ్ళ కోసం కంట్రాక్టరు మా ఊరి పక్క మెట్ట చెలకలో రేకుల షెడ్లు వేయించిన ఏడాది, నాకు ఒక చిన్న సంస్థలో సర్వే పని దొరికింది. షెడ్లు వచ్చాక ఊళ్ళో ఏం మారిందో ఇల్లిల్లూ తిరిగి రాసుకోవాలి. బోర్లలో నీళ్ళు అడుగంటాయన్నారు కొందరు. అటువైపు ఒంటరిగా పోవాలంటే భయమేస్తోందని ఆడవాళ్ళు చెప్పారు. కిరాణా కొట్టు ఆయన మాత్రం, "మంచిగనే ఉంది, సామాను మిగుల్తలేదు" అన్నాడు. అన్నీ రాసుకున్నాను.

చివరికి ఆయమ్మ దగ్గర కూర్చుంటే, ఆమే నన్ను అడిగింది.

"అందర్నీ అడిగినవ్. ఆళ్ళ దిక్కు పోయినవా బిడ్డా?"

"నా ఫారాలల్ల ఊరోళ్ళ ఇండ్లే ఉన్నయి ఆయమ్మా."

"మరి ఆళ్ళు ఏడుంటున్నరు? ఊల్లె కాదా?"

చేయి పట్టుకుని తీసుకెళ్ళింది. మిట్టమధ్యాహ్నం. రేకు గోడ తగిలి నా చేయి చురుక్కుమంది. లోపల ఒడిశా నుంచి వచ్చిన ఒక తల్లి, చంటిబిడ్డ మీద తడిగుడ్డ కప్పి విసురుతోంది. పెద్దపిల్ల సుమికి నాలుగేళ్ళు. ఆయమ్మను చూడగానే చంకెక్కింది. రిజిస్టరులో పేరు లేకుండానే రోజూ అంగన్‌వాడీకి వచ్చి తింటోందట. వాళ్ళమ్మ వచ్చీరాని తెలుగులో, "నీళ్ళకు పోతె భయం. అందరు చూస్తరు" అంది. మా ఊరి ఆడవాళ్ళు చెప్పిన భయమే. ఫారం వెనక రాసుకున్నాను. నివేదిక తయారుచేసేటప్పుడు ఆ మాట రాయడానికి అందులో గడి లేదు. వదిలేశాను.

ఆ నివేదికను గ్రామసభలో చదివారు. షెడ్లు తీసెయ్యాల్సిందేనని ఊరంతా పట్టుబట్టింది. వారం తిరక్కముందే కంట్రాక్టరు షెడ్లు పీకించాడు. లారీ ఎక్కించేటప్పుడు సుమి ఆయమ్మ కొంగు వదల్లేదు. ఆ చిన్న వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీసింది ఆయమ్మే. ఎక్కడికి తీసుకెళ్తున్నావని నేను డ్రైవర్ని అడిగితే, "నాకేమెరుక, సారు ఫోన్ల చెప్తడు" అన్నాడు.

ఆయమ్మ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "నువ్వు అబద్ధం రాయలే బిడ్డా. సగమే రాసినవ్" అంది, అంతే.

ఆ తర్వాత నేను ఊరికి వెళ్ళిన ప్రతిసారీ మంచినీళ్ళిచ్చి ఒకే మాట అడిగేది. "ఏడన్న కనవడ్డదా?" చౌటుప్పల్ దారిలో రేకుల షెడ్లు కనిపిస్తే చాలు, బస్సు దిగి వెతికేదాన్ని. ఇప్పటికీ దిగుతాను. ఒకచోట ఓ పిల్ల వెనక్కి తిరిగి చూస్తే దగ్గరికి పరుగెత్తాను. సుమి కాదు. సుమికిప్పుడు ఎనిమిదేళ్ళు వచ్చి ఉంటాయి. నా కళ్ళు మాత్రం ఇంకా నాలుగేళ్ళ పిల్లనే వెతుకుతున్నాయి. పోయిన నెల కూడా ఆయమ్మ అడిగింది. లేదన్నాను. "నా మొఖం మర్శిపోయిందో ఏమో" అని తలుపు వైపు చూస్తూ కూర్చుంది.

ఆయమ్మను మట్టిచేసి ఆ చెలక మీదుగానే తిరిగి వచ్చాం. ఒకప్పటి షెడ్ల వెనక అంట్లు తోమిన నీళ్ళు పారిన చోట, ఎవరో పారేసిన గింజలు మొలిచి బొప్పాయి చెట్లు నిలువెత్తు పెరిగాయి. నిండా పండ్లు. షెడ్లవాళ్ళవని ఊళ్ళో ఎవరూ వాటిని కోయరు. పిట్టలు పొడిచిన పండొకటి చెట్టుమీదే విచ్చుకుని, లోపలి నల్లటి గింజలు ఎండకు తడితడిగా మెరుస్తున్నాయి.