నల్లరేగడిలో మగ్గం గుంత

స్థలం పంచింది ఎండాకాలంలో. మా కష్టాలన్నీ ఆ తప్పులోంచే వచ్చాయని ఇప్పటికీ అంటాను. అది తప్పు కాదు, తెలిసి చేసిన పనే అని కూడా అంటాను. ఇంట్లోవాళ్ళు వినీ వినీ విసుక్కుంటారు. విసుక్కోనీ.

మాది కూచిపూడి దాపున నేతపనివాళ్ళ ఊరు. అప్పటికి ప్రపంచ యుద్ధం ఇంకా జరుగుతోంది. మామగారి స్థలంలో బాట వైపు సగం ఇసుక నేల, ఎప్పుడో ఏటి పాయ పారిన చోటట. చేల వైపు సగం నల్లరేగడి. బావగారికి ఇసుక, మాకు రేగడి.

"రేగడంటే బంగారంరా. ఏ రైతునైనా అడుగు," అన్నారు మామగారు మా ఆయనతో. చిన్నకొడుకంటే ఆయనకు ప్రాణం, మంచిదనుకునే ఇచ్చి ఉంటారు. పక్కనే ఉన్న బావగారు మాత్రం నోరు విప్పలేదు. అన్నేళ్ళు మగ్గం గుంతలో కూర్చున్న మనిషికి ఏ నేల ఎలాంటిదో తెలియదంటే నేను నమ్మను.

మావి గుంట మగ్గాలు. నేతగాడు అంచు మీద కూర్చుని, కాళ్ళు గుంతలోకి దించి చెక్కలు తొక్కాలి. ఎండకు రాయిలా బిగిసిన రేగడిలో మా ఆయన గుంత తవ్వితే గోడలు కత్తితో కోసినట్టు నిలిచాయి. మురిసిపోయారు. రెండు వానలు పడేసరికి అవే గోడలు ఉబ్బి లోపలికొచ్చాయి. అడుగున ఊట. చెంబుతో తోడి పోసినా పొద్దున్నకి మళ్ళీ అంతే. ఇంటి గోడ వానల్లో పొంగి, ఎండల్లో నా చెయ్యి దూరేంత బీట తీసింది. స్నానాల నీళ్ళకు గుంత తవ్వుకుంటే చుక్క ఇంకేది కాదు, దోమలు మూగేవి. బావగారి వైపు కడవెడు నీళ్ళు కుమ్మరించినా ఇసుక చూస్తుండగానే తాగేసేది.

పెరట్లో మాత్రం బీరపాదు తాటాకు కప్పంతా అల్లుకుంది. తోడికోడలు చేట పట్టుకుని వచ్చేది.

"మీ మట్టి అదృష్టం చెల్లీ. మా ఇసుకలో పచ్చిమిరపైనా కాయదు."

"మార్చుకుందామా అక్కయ్యా?"

నవ్వేసి ఇంకో రెండు కాయలు కోసుకుంది.

మూడో వానాకాలానికి మా ఆయన మోకాళ్ళు వాచిపోయాయి. రోజంతా చన్నీళ్ళలో కాళ్ళు మరి. అన్నగారి పెరట్లో ఒక్క మగ్గం పట్టే చోటు అడగమని నేనే పోరి పంపాను.

"ఏమన్నారు?"

"తేమ ఉంటే పోగు తెగదురా, నీకదే మంచిది అన్నాడు."

నేతపనిలో అది నిజమే. అందుకే ఈయన తిరిగి వచ్చేశారు.

"పోగు సంగతి సరే, కాళ్ళ సంగతి?" అన్నాను.

"పోనీవే, అన్నయ్యేగా."

మా ఇళ్ళల్లో తమ్ముడి భార్య బావగారి ఎదుట పడి మాట్లాడదు. తలుపు చాటున నిలబడి తోడికోడలి చేత చెప్పించుకోవాలి. ఆ మర్యాద ఒక్కసారి తప్పాను. వాకిట్లోకి వెళ్ళి, ఎదురుగా నిలబడి, "బావగారూ, ఒక్క మగ్గం చోటివ్వండి. ఆయన కాళ్ళు పోతున్నాయి," అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. లోపలికి కేకేశారు. "వాకిట్లో ఎవరో మాట్లాడుతున్నట్టుంది, చూడవే!"

ఆ మాట నా చెవుల్లోంచి పోలేదు.

మరుసటేడు మా ఆయన్ని ఇద్దరు మనుషులు గుంతలోంచి ఎత్తి బయట పెడుతుంటే బావగారు చూశారు. వారం తిరక్కుండా తన పెరట్లో తానే గుంత తవ్వారు. ఇసుక జారకుండా చుట్టూ ఇటుక పేర్చారు. "తీసుకురామ్మా," అన్నారు. నాతోనే, సూటిగా.

మా ఆయన అంచు మీద కూర్చుని కాళ్ళు దించారు. "ఎంత పొడిగా ఉందే!" అన్నారు. చెక్క మీద కుడికాలు పెట్టి తొక్కారు. చెక్క కదల్లేదు. ఎడమ కాలు పెట్టారు. అప్పుడూ కదల్లేదు. "చెయ్యివ్వు," అన్నారు నాతో. బావగారు మొహం పక్కకు తిప్పుకున్నారు.

ఆ గుంత వృథాగా పోలేదు. బావగారు అందులో రెండో మగ్గం దించారు. దాని కండెలకు నూలు చుట్టేది మా ఆయనే. ఆడవాళ్ళ పని అది. నా పక్కన, ఇంకో రాట్నం ముందేసుకుని, రోజంతా చుట్టేవారు.