గోడ నీడన తిప్పిలి

కిందటి వారం విరుదునగర్‌లో మొక్కలమ్మే చోటికి వెళ్ళి తిప్పిలి తీగ ఉందా అని అడిగితే, అక్కడి మనిషి ఈ ముసలిదాన్ని చూసి నవ్వి, ఈ ఎండల్లో అదెక్కడ బతుకుతుంది పాట్టీ, కావాలంటే కొండమీద ఇల్లు కట్టుకోండి అని అరవంలో అన్నాడు. కోపం రాలేదు గాని, ఇదే మాట ఒకప్పుడు కోవిల్‌పట్టిలో మా అవ్వను ఎంతమంది అన్నారో గుర్తొచ్చి, ఇంటికొచ్చేదాకా నాలో నేనే నవ్వుకున్నాను.

తిప్పిలి అంటే పిప్పలి అని మన ఈడు వాళ్ళకు చెప్పనక్కరలేదు. దగ్గొస్తే నేతిలో వేయించి, పొడిచేసి, తేనెలో రంగరించి మన నాలుకలకు రాసిన ఆ నల్లటి కాయే. అడవుల్లో పెద్ద చెట్ల చాటున పాకే తీగ అది. అవ్వ కుట్రాలం కొండల నుంచి రెండు కణుపులు తడిగుడ్డలో చుట్టి తెచ్చి, బావి పక్కనున్న కానుగ చెట్ల కింద, నల్లరేగడిలో ఎండుటాకులూ పేడా కలిపి నాటింది. ఊరంతా నవ్వినా అది కాసింది.

నేను బడి చదువు ముగించి అగ్గిపెట్టెల పనికి పోతున్న రోజులవి. అగ్గిపుల్లలకు పూసే మందు ఘాటుకు నాకు ఒకటే దగ్గు, అవ్వ ఇచ్చే తిప్పిలి పొడి లేకపోతే పూట గడిచేది కాదు. అలాంటప్పుడు మా పెదనాన్న బావి దగ్గర సొంతంగా అగ్గిపెట్టెల షెడ్డు వేయాలని, కానుగలు కొట్టించడానికి మనుషుల్ని తెచ్చాడు. అవ్వ వెళ్ళి చెట్టు మొదట్లో చతికిలబడింది. నీడను అరవంలోలాగా నెళల్ అనేది అవ్వ.

“నెళల్లో బతికే తీగ రా ఇది. ఈ సెట్లు కొట్టల్లంటే మొదట నన్ను కొట్టు.”

“తీగ కోసం తొళిల్ ఆపేదా అమ్మా?” అని, వ్యాపారం చెడిపోతుందని గొణుక్కుంటూ పెదనాన్న గొడ్డళ్ళవాళ్ళను పంపేశాడు. అయితే ఆ మరుసటి వారమే అవ్వ ఏళాయిరంపన్నైలో ఒక చావుకు పోయి వచ్చేసరికి చెట్లు లేవు. మూడు రోజుల ఎండకు తీగ మాడిపోయింది.

అవ్వ ఏడవలేదు. చావగా మిగిలిన మూడు కణుపుల్ని నీళ్ళకుండ పక్కన తడి ఇసుకలో దాచి, షెడ్డు లేచేదాకా ఆగి, ఉత్తరపు గోడ మొదట్లో, తాగునీళ్ళ తొట్టి ఒలికే చోట నాటింది. ఏమిటిదని పెదనాన్న అడిగాడు.

“నా నెళల్ నువ్వు కొట్టేస్తివి. నీ గోడ నెళల్ నేను తీసుకొంటి. సరిపాయె.”

రెండు వానాకాలాలు గడిచేసరికి తీగ ఆ గోడనంతా కమ్మేసింది. షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళం దగ్గినప్పుడల్లా అవ్వ దగ్గరికే పరిగెత్తేవాళ్ళం. ఒక పొద్దున పెదనాన్నే దగ్గుతూ వచ్చి చెయ్యి చాపాడు. అవ్వ ఆ చేతిలో పొడి పెట్టింది. తేనె మాత్రం వాళ్ళింట్లో వెతుక్కోమంది.

యంత్రాలొచ్చాక ఆ షెడ్డు మూతపడింది, అవ్వా పోయింది, ఆ తీగా మిగల్లేదు. ఇప్పుడు నేనుండే వీధిలో ఇల్లూ ఇల్లూ ఆనుకుని పగలంతా నీడే, కాని గోడ మొదలుదాకా సిమెంటు. మొన్న ఇంట్లోవాళ్ళందరితో తగువుపడి తిప్పిలి నాటడానికని మా ఉత్తరపు గోడ కింద మూరెడు సిమెంటు పగలగొట్టించాను. అవ్వ కాలంలో మట్టి ఎక్కడైనా దొరికేది, నీడ కోసం పోట్లాడాల్సి వచ్చేది. నా కాలానికి నీడ ఊరికే దొరుకుతోంది, పోట్లాటంతా మట్టి కోసమే.