ఎడమకు కొట్టే తుపాకి

కొత్త తుపాకి కొన్న నెలన్నరకే నాకు విసుగొచ్చేసింది. తెల్లవారకముందే లేచి మంచులో తడిసి, చేనుగట్టు మీద మోకాళ్ళు పట్టేసేదాకా కూర్చుని, తీరా పంది కనబడ్డాక గురి తప్పితే ఆ రోజంతా ఏ పనీ చేయబుద్ధి కాదు. ఎవరితోనూ మాట్లాడబుద్ధి కూడా కాదు.

రావల్‌కోల్‌లో మాకున్న భూమిలో సగానికి పైగా ఎప్పుడో ప్లాట్లయిపోయింది. మిగిలిన దాంట్లో మక్కజొన్న వేస్తున్నాను. కంకి పాలు పోసుకునే వేళకు అడవి పందులు దిగుతాయి. తినేది తక్కువ, తొక్కేది ఎక్కువ. పంట కాపలాకని బాపు కాలం నుంచి మా ఇంట్లో తుపాకి లైసెన్సు ఉంది. బాపు తుపాకి గొట్టాన్ని లోపల తుప్పు తినేసిందని, ఇంకోసారి పేల్చితే చేతిలోనే పగులుతుందని తెలిశాక దాన్ని పోలీసుస్టేషన్లో అప్పజెప్పేశాను. ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి కొత్తది కొన్నాను. నా భార్య దానికి పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయతో దిష్టి తీసి మరీ ఇంట్లోకి రానిచ్చింది.

మొదటిసారి పేల్చినప్పుడు పంది తాపీగా మక్కలోకి నడిచి వెళ్ళింది. గుళ్ళు దానికి ఎడమనున్న డ్రిప్ పైపును జల్లెడ చేశాయి. చేయి వణికిందేమో అనుకున్నాను. రెండోసారి ఇంకా ఎడమకు పోయి, పక్కనే మా చిన్నాన్న కొడుకు వేసిన వెంచరు బోర్డుకు తగిలాయి. ఆ బోర్డు మీద నవ్వుతున్న కుటుంబం ఒకటి ఉంటుంది. అందులో తండ్రి చొక్కాకు చిల్లులు పడ్డాయి. మధ్యాహ్నానికల్లా తమ్ముడి ఫోను వచ్చింది.

"అన్నా, గిరాకీ తోలుకొస్తె బోర్డు సూసి జడుసుకొని పోతున్నరే. నువ్వు పందులను కొడుతున్నవా, నా ప్లాట్లను కొడుతున్నవా?"

నవ్వేసి పెట్టేశాను. బోర్డు ఉన్నచోట ఆ పూట మనిషి నిలబడి ఉంటే? ఆ ఆలోచన వచ్చాక అన్నం సహించలేదు.

అయినా నేను చేసిందేమిటంటే, మా ఇంట్లో అందరూ చేసేదే. బాపు తుపాకి కూడా ఎడమకే కొట్టేది. ఎప్పుడో బండి మీదనుంచి పడి దాని గురి వంకరపోయిందట. బాపు దాన్ని బాగు చేయించలేదు. "ఎడమకు పోతె కుడికి పట్టాలె, గంతే" అని నాకు నేర్పాడు. మా ఇంటి గేటును కొంచెం పైకెత్తి నెడితేగాని పడదు. బోరు మోటరు స్టార్టరులో అగ్గిపుల్ల దోపితేగాని మోటరు నడవదు. ఏ వస్తువుకు ఏ రోగముందో కనిపెట్టి దాంతో సర్దుకుపోవడమే మాకు పనితనం. కొత్తగా వచ్చిన చుట్టాలకు అవన్నీ చూపించి గొప్పలు పోతాం కూడా. కాబట్టి నేను కూడా ముందు జానెడు కుడికి పట్టాను. అదీ చాలక మూరెడు పట్టాను.

ఎవరికీ చెప్పని భయం ఒకటి లోపల ఉండేది. చివరి రోజుల్లో బాపుకు షుగరుతో కళ్ళు పోయాయి. గోడ తడుముకుంటూ బాత్‌రూముకు వెళ్ళేవాడు. నాకూ పదేళ్ళ నుంచి షుగరు ఉంది. ఏడాదికోసారి కళ్ళు చూపించుకోమని డాక్టరు చెబుతూనే ఉన్నాడు, నేను వెళ్ళలేదు. కొంతకాలంగా కుడి కంటికి ఏది చూసినా నూనె కాగితం అడ్డం పెట్టినట్టు ఉంటోంది. తుపాకిలో లోపముంటే ఒక పూట పని. లోపం నాలో ఉంటే? కొత్త వస్తువు కొనుక్కుని, అది చెడిపోయిందైతే బాగుండునని దేవుడికి మొక్కుకున్నవాణ్ణి నేనొక్కణ్ణేనేమో.

దూలపల్లిలో ఒక పెద్దాయన ఉన్నాడు. తుపాకులు బాగుచేసే ఉద్యోగంలో రిటైరై, అదే పనికి లైసెన్సు తీసుకుని లేత్ షెడ్డు పక్కన చిన్న గదిలో కూర్చుంటాడు. అందరూ ఉస్తాద్ అంటారు. తుపాకి తీసుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసుకుని, గుడ్డ చుట్టి, బల్లకున్న ఇనుప వైసు దవడల్లో బిగించాడు. గొట్టం కొసన గురి కోసం చిన్న ఇత్తడి పూస ఉంటుంది. వెనక నుంచి కొస దాకా గొట్టం నడిమధ్యన నల్లదారం ఒకటి లాగి పట్టుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, చాలాసేపు చూశాడు.

"సూడు పటేలా. పూస దారం కింద ఉండాలె. గిది కుడికి జరిగి కూసుంది. పూస కుడికి ఉంటె గుళ్ళు ఎడమకే పోతయి."

నేను కూడా వంగి చూశాను. నిజమే, బియ్యపు గింజంత పక్కకుంది. నాకు నవ్వాగలేదు.

"కొత్త తుపాకి వంకరున్నదని జెప్తుంటె గట్ల నవ్వుతవేంది?" అన్నాడు ఉస్తాద్.

"ఖుషీ అయింది ఉస్తాద్. తుపాకిదే గలత్ అన్నరు గదా."

ఆయన నా మొహంలోకి ఒకసారి చూశాడు. పూస ఊడదీసి, పాత రంధ్రం పూడ్చి, సరైన చోట కొత్త రంధ్రం వేసి పూసను కూర్చోబెట్టాడు. మళ్ళీ దారం పట్టి చూపించాడు. ఆ రోజు బండి మీద ఇంటికి వస్తూ, ఎన్నో ఏళ్ళ తర్వాత ఈల వేశాను.

పేల్చి చూడనిదే పని పూర్తయినట్టు కాదన్నాడు ఉస్తాద్. ఆదివారం ఆయన్ను నేనే తీసుకొచ్చాను. గిరాకీని తేవద్దని తమ్ముడికి ముందే చెప్పాను. మా చేను వెనక పాత క్వారీ గుంతలో, ఎత్తైన మట్టికట్టకు న్యూస్ పేపరు అంటించి, నడుమ బొగ్గుతో గుండ్రం గీశాం. ఇసుక సంచి మీద తుపాకి ఆనించాను.

"నడిమిట్లనె పట్టు. నీ జానలు, మూరలు అన్ని బంద్ పెట్టు" అన్నాడు ఆయన.

మూడుసార్లు పేల్చాను. వెళ్ళి చూస్తే చిల్లులన్నీ గుండ్రానికి ఎడమన ఉన్నాయి. ఇదివరకంత దూరం కాదు, కానీ ఎడమనే. కొత్త కాగితం అంటించి ఉస్తాద్ పేల్చాడు. చిల్లులతో బొగ్గు గుండ్రం కనబడకుండా పోయింది.

"ఇంకోపారి నేను కొడుత" అన్నాను.

"అక్కెరలేదు. గిట్ల రా." రెండు అరచేతులు కలిపి, నడుమ చిన్న సందు వదిలి, చేతులు బారజాపమన్నాడు. "గా సందులకెళ్ళి ఆ కరెంటు స్తంభాన్ని సూడు. రెండు కండ్లు తెరిసే సూడు. కనిపిస్తాందా? ఇగ ఎడమ కన్ను ముయ్యి."

మూశాను. స్తంభం లేదు. సందులో నా వేలి అంచు, దాని వెనక తెల్లటి మసక.

"కుడి భుజానికి తుపాకి వెట్టి ఎడమ కంటితోని గురి సూస్తున్నవ్ పటేలా. గందుకే గుళ్ళు ఇంకా ఎడమకు పోతున్నయి. కుడి కన్ను పని జేస్తలేదని నీ తలకాయ ఎప్పుడో ఎడమ కంటికి మారింది. ఎన్నొద్దుల సంది?"

నిద్ర లేదన్నాను. మంచు అన్నాను. షుగరు గోళీల నీరసం అన్నాను. ఆయన మిగిలిన తూటాలు ఏరి డబ్బాలో పెట్టి నా చేతికిచ్చాడు. "తుపాకి బాగైంది. నువ్వు సూపించుకునేదాక దీన్ని ముట్టకు. షుగరున్నోనివి, ఆలస్యం జెయ్యకు" అన్నాడు.

ఇంటికి వచ్చి, పూస వంకరుండె, బాగు చేయించిన, అని నా భార్యకు చెప్పాను. అబద్ధం కాదు కదా. ఆమె చాయి గ్లాసు తెచ్చి నా ఎడమ చేతి పక్కన పెట్టింది.

"తుపాకి సంగతి సరే. నీ కన్ను గురించి ఏమన్నడు?"

"నీకెట్ల ఎరుక?"

"ఏడాది సంది చాయి ఎడమదిక్కు పెడుతున్న, సూస్తలేవా? కుడిదిక్కు పెడితె తన్నేస్తున్నవ్. కుడిదిక్కుకెళ్ళి పిలిస్తె ఉలిక్కిపడుతున్నవ్. అందుకే ఇటే వస్తున్న."

"మరి ఒక్క మాట జెప్పొద్దా?"

"జెప్తె కొట్లాటకొస్తవని, నేనే సదురుకున్న."

మరునాడు పొద్దున్నే ఇద్దరం మేడ్చల్‌లోని కంటి ఆసుపత్రికి వెళ్ళాం. చుక్కలు వేసి, గంటసేపు కూర్చోబెట్టి, యంత్రాల ముందు గడ్డం పెట్టించి చూశారు. చివరికి డాక్టరమ్మ లోపలికి పిలిచింది. కంటి వెనక పొరలో రక్తం దిగిందని, ఇంజెక్షన్లు మొదలుపెడితే ఉన్నంత చూపు నిలబెట్టవచ్చని, పోయింది మాత్రం తిరిగి రాదని చెప్పింది. ఎడమ కంటికి కూడా మొదలవుతోందట.

"ఏడాది కింద వచ్చి ఉంటే ఇంతదూరం వచ్చేది కాదు" అంది.

ఆ గదిలో ఉన్న రెండు కుర్చీల్లో ఎడమది నాకిచ్చారు. నా భార్య నా కుడి పక్కన కూర్చుంది. డాక్టరమ్మ మాట ఆపి అటువైపే చూస్తుంటే, ఎందుకో అర్థం కాక తల పూర్తిగా తిప్పి చూశాను. కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఎంతసేపటి నుంచో నాకు తెలియదు.