అక్క అడిగిన బోటి, నేను రాసిన పౌష్టికాహారం

ఆ రోజుల్లో నాకు అరవై ఆరేళ్లు. కుర్రతనం. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి గాని, హఫీజ్‌పేట్ రైల్వేస్టేషన్ వెనక మా వృద్ధాశ్రమంలో అప్పుడున్న పదమూడు మందిలో డెబ్భై ఎనిమిదికి తక్కువ వయసున్న శాల్తీ ఒక్కటీ లేదు. పద్నాలుగోవాణ్ణి నేను. అంచేత బల్బు మార్చాలన్నా, అటక మీది పెట్టె దించాలన్నా, మంచం కింద ఎవరి కళ్లజోడో వెతకాలన్నా "పిలగాడేడి? పిలగాణ్ణి పిలువుండ్రి" అని కేక వినపడేది. బాలానగర్‌లో నలభై ఏళ్లు లేతు మిషను మీద ఇనుము చెక్కినవాణ్ణి, పెళ్లీ పెటాకులూ లేనివాణ్ణి, నెత్తిమీద ఒక్క నల్లవెంట్రుక మిగలనివాణ్ణి, ఆ గడప దాటగానే పిలగాణ్ణయిపోయాను. మనిషికి రెండో యవ్వనం ఉంటుందని ఎక్కడా చదవలేదు. ఉంటుంది. అందులోనూ మొదటిదాంట్లో చేసిన తెలివితక్కువ పనులే చేస్తాం.

నేను బడికి పోలేదు. మిర్చిబజ్జీ పొట్లాల కాగితాలు, గోడల మీది సినిమా పోస్టర్లు, బస్సుల బోర్డులు, ఇవే నా వాచకాలు. (పొట్లం కాగితాలతో చదువుకున్నవాడికి ఒక చిక్కుంది. ఏ కథకీ చివర తెలియదు. నూనె అంటిన చోట ఏం రాసుందో ఇప్పటికీ ఊహించుకుంటూనే ఉన్నాను.) అలా ఏరుకుని నేర్చుకున్న చదువు కాబట్టి నాకు పెద్ద మాటలంటే మహా మోజు. ఒక పెద్ద మాట దొరికితే వారం రోజులు జేబులో పెట్టుకు తిరిగి, అవసరం ఉన్నా లేకున్నా ఎవరి మీదో ఒకరి మీద విసిరేవాణ్ణి. దానికి తోడు కోపం. లోకంలో ఏ పనీ సరిగ్గా జరగడం లేదనీ, అది సరిగ్గా ఎలా జరగాలో నాకొక్కడికే తెలుసుననీ నా గట్టి నమ్మకం.

ఆ కోపం తీర్చుకోడానికి నాకు దొరికినవాళ్లు హైటెక్ సిటీలో ఒకానొక కంపెనీ పిల్లలు. (పేరెందుకు లెండి. అద్దాల మేడలన్నీ నాకు ఒక్కలాగే కనిపిస్తాయి.) ఒక శనివారం ముప్పై మంది ఒకే రంగు బనీన్లు తొడుక్కుని వచ్చి, మా పద్నాలుగు మందికీ పద్నాలుగు యోగా చాపలు పంచిపెట్టారు. మాలో సగం మందికి మోకాళ్లు వంగవు. మిగతా సగానికి వంగితే మళ్లీ లేవవు. తూర్పుగోదావరి నుంచి వచ్చిన మా స్టేషను మాస్టారు, ఎనభై నాలుగేళ్ల మనిషి, పాపం మర్యాదస్తుడు, చాప చివర పట్టుకుని "దిగడం వరకూ నాకు తెలుసండి. లేపేవాళ్లు కూడా చాపతో పాటే వస్తారాండీ?" అని అడిగారు. ఇక నేను అందుకున్నాను. "ఇచ్చేవాడికి ముందు చెవులుండాలి, తర్వాత చేతులుండాలి. మీకేం కావాలని మమ్మల్ని ఒక్కమాట అడిగారా? మీకు తోచింది మా నెత్తిన పెట్టి ఫోటో దిగి పోవడమేనా దానం?" అంటూ గంటసేపు వాయించాను. ముప్పై మందీ తలలు వంచుకుని విన్నారు. వాళ్లను వెంటబెట్టుకొచ్చిన అమ్మాయి ఒకతె, మెడలో ట్యాగు, కళ్లలో నీళ్లు, "నిజమేనండీ తాతగారూ" అని వెళ్లిపోయింది. ఆ రాత్రి నాకు ఎంత హాయిగా నిద్ర పట్టిందో!

నెల తిరక్కుండా ఆ ట్యాగు పిల్ల ఒక్కతే వచ్చింది. చేతిలో పద్నాలుగు రంగు కార్డులు. "మీరు చెప్పినట్టే చేస్తున్నామండీ. ఒక్కొక్కరూ తమకు కావలసింది ఒక్కటి చెప్పాలి. ఈ కార్డులు మా ఆఫీసులో కింద ఒక చెట్టుకి కడతాం. (ప్లాస్టిక్ చెట్టు. ఆ ఏసీలో నిజం చెట్టు బతకదట.) స్టాఫు తలా ఒకటి తీసుకుని, అందులో రాసిందే కొని వచ్చే నెల మొదటి శనివారం తెస్తారు. మీ దస్తూరీ బాగుంటుందట కదా తాతగారూ, మీరే అందర్నీ అడిగి రాసిపెట్టండి" అంది. ఆ పూట నేను మంచం మీంచి బెత్తెడెత్తు లేచాను.

అడగడమైతే అడిగాను. స్టేషను మాస్టారు అటూ ఇటూ చూసి "రెండు పేక కట్టలు రాయి అబ్బాయ్. ప్లాస్టిక్‌వి. చెమట పట్టినా అతుక్కోవు" అన్నారు. మేడమీద గదిలో ఉండే పెద్దమ్మ, ఎనభై ఏళ్లావిడ, చెవిలో చెప్పింది, జుట్టుకు నల్లరంగు కావాలని. నాకు తల కొట్టేసినట్టయింది. అంత పెద్ద కంపెనీ, అన్ని వందల మంది చదువుకున్న పిల్లలు, మా కార్డులు చదివి ఏమనుకుంటారు? ముసలివాళ్లకి పేకాటా, సోకులూనా? మా ఇంటి పరువు నా కలం మీద ఆధారపడి ఉందనిపించింది. మాస్టారి కార్డు మీద "ఆధ్యాత్మిక గ్రంథములు" అని రాశాను. పెద్దమ్మ కార్డు మీద "శిరోజ సంరక్షణార్థం కొబ్బరినూనె." అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

ఆఖరున బోరబండ అక్క దగ్గరికి వెళ్లాను. ఎనభై ఒక్కేళ్లు. ఆ చుట్టుపక్కల మేడలు లేస్తున్న రోజుల్లో నెత్తిన తట్ట మోసిన మనిషి. నన్ను పిలగాణ్ణి చేసింది ఆవిడే. ఆవిడ ఆలోచించనుకూడా లేదు.

"బోటి రాయి" అంది.

"ఏంటక్కా, మేక పేగులా?"

"బోటి కూర రా. జొన్నరొట్టె. మూడేండ్లాయె నోట్లె వెట్టక. దినాం ఎవలో ఒక దాత పుట్టినరోజు, దినాం పులిహోర. పులిహోర మీద పులిహోర. నా నాలిక సచ్చిపాయె పిలగా. మా ఆయన కూలి పైసలొచ్చిన్నాడు బోటి తెచ్చి ఆయనే వండుతుండె. ఒక్కపాలి తింటె సాలు."

"అక్కా, మనం అడిగేది పెద్ద కంపెనీని..."

"పెద్ద కంపెనీకి బోటి దొర్కదా?"

"దొరుకుతుందిలే. రాస్తున్నా" అని, ఆవిడ చూస్తుండగానే (చూస్తే మాత్రమేం, ఆవిడకి అక్షరం రాదు) "పౌష్టికాహారం" అని రాసి, కింద ఒక గీత కూడా కొట్టాను.

ఆ రోజు నుంచి అక్క శనివారాలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పింది. పాలవాడికి చెప్పింది. బీపీ చూడ్డానికి వచ్చిన నర్సుకి చెప్పింది. బోటి ఎలా ఉండాలి, కారం ఎంతుండాలి, రొట్టె వేడివేడిగా తేవాలా చల్లారాక తేవాలా, అన్నీ నాతోనే చర్చించింది. నేను తలూపుతూ వచ్చాను. లోపల ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకునేది గాని, పెద్ద మాట మీద నమ్మకంతో సర్దుకునేవాణ్ణి.

ఆ శనివారం రానే వచ్చింది. పొద్దున ఉప్మా పెడితే అక్క కంచం జరిపేసి "కడుపుల జాగ ఉంచుకోవాలె" అంది. పదకొండింటికి పిల్లలు వచ్చారు, రంగు కాగితాలు చుట్టిన పెట్టెలతో. అక్క కార్డు తీసుకున్నది మరెవరో కాదు, ట్యాగు పిల్లే. దుకాణాలన్నీ తిరిగి, డబ్బాల వెనక చిన్నక్షరాలన్నీ చదివి, చక్కెర లేనిదీ అన్నిటికన్నా మంచిదీ ఎంచి తెచ్చిందట. అక్క కాగితం చింపింది. పెద్ద డబ్బా. మూత తీసి వాసన చూసింది. తెల్లటి పొడి. వేలితో అద్ది నాలుక మీద పెట్టుకుంది.

"బోటిని పొడి గొట్టిండ్రా ఏంది బిడ్డా?" అని అడిగింది, నిజంగానే.

ట్యాగు పిల్ల కంగారుపడి బ్యాగులోంచి కార్డు తీసి గట్టిగా చదివింది. "బోరబండ అవ్వ గారి కోరిక, పౌష్టికాహారం."

"గా మాట నాది గాదు" అంది అక్క. "నాకు నోరు గూడ తిరగది. నోరు తిరగని కూర నేనెట్ల అడుగుత?"

గది అవతలి మూల నుంచి స్టేషను మాస్టారు గొంతు సవరించుకున్నారు. ఒళ్లో ఏడు లావుపాటి పుస్తకాలు. "ఏమీ అనుకోకండి, నేనడిగింది పేకముక్కలండి." మేడమీది పెద్దమ్మ కొబ్బరినూనె సీసా ఎత్తి అందరికీ చూపించింది. అన్ని తలలూ ఒకేసారి నా వైపు తిరిగాయి. "నేను... సారాంశం రాశాను" అన్నాను. "అవునబ్బాయ్, పేకలో జోకర్ కూడా అన్ని ముక్కల బదులూ తనే కూర్చుంటాడు" అన్నారు మాస్టారు. ఆ మర్యాదస్తుడి నోట అంత మాట నేనెప్పుడూ వినలేదు.

ట్యాగు పిల్ల నన్ను చూసింది. ఏడుస్తుందనుకున్నాను, నవ్వింది. "ఆ రోజు మమ్మల్ని గంటసేపు తిట్టారు కదా తాతగారూ. ఇప్పుడు నేనెవర్ని తిట్టాలండీ?"

తిట్టినా బాగుండేది. అక్క కూడా తిట్టలేదు. డబ్బా మూత జాగ్రత్తగా బిగించి, పిల్ల తల నిమిరి, "ఫికర్ జేయకు బిడ్డా" అని, గోడ పట్టుకుని తన మంచం వైపు నడుస్తూ, తనలో తనే అనుకుంది. "పొద్దుగాల ఉప్మా అన్న తినకపోతి."

అరవై ఆరేళ్లలో నన్ను చాలామంది చాలా మాటలన్నారు. అన్నీ గుర్తున్నాయి, జవాబులతో సహా. ఆ ఒక్క మాటకి మాత్రం జవాబు వెతక్కుండా గేటు దాకా పరిగెత్తాను. గేటు దగ్గర ట్యాగు పిల్లని ఆపి "రేపు ఆదివారం. కారుందా?" అన్నాను. "ఉందండీ, కానీ నేను గుడ్డు కూడా తిననండీ!" అంది బెదిరిపోయి. "తినమనలేదమ్మా. తోలమన్నాను."

మర్నాడు పొద్దున్నే బోరబండ మార్కెట్‌లో ఆ పిల్ల చున్నీతో ముక్కు మూసుకుని దూరంగా నిలబడింది. దుకాణదారు "కడిగిందా, కడగందా?" అని అడిగాడు. ప్రాయశ్చిత్తం చేసుకునేవాడు సులువైనది అడగకూడదని "కడగంది" అన్నాను. (ఈ మాట అన్నవాడు ఇంతకుముందు బోటి కడిగి ఉండడని దుకాణదారుకి తెలిసిపోయింది. జాలిగా చూశాడు.) ఆశ్రమంలో వార్డెనమ్మ చేతులు జోడించింది. "బాబాయ్ గారూ, పన్నెండింటికి కింద ఎవరిదో పుట్టినరోజు భోజనాలు. దాతలొచ్చే ఇల్లు. మేడమీద వండుకోండి, వాసన మాత్రం కిందికి రానివ్వకండి." వాసన నా మాట వింటుందా? నేను మాత్రం ఎవరి మాట విన్నాను గనక!

డాబా మీద ప్లాస్టిక్ కుర్చీలో అక్క మేస్త్రీలా కూర్చుంది. "లోపలిది బయటికి దిప్పు. సున్నం రుద్దు. జర గట్టిగ. నీ మిషిని మీద ఇనుము గీకినట్టు గీకు." నాకు ఆ ఒక్క పని తెలుసు. గంటన్నర గీకాను. వెలుతురులో పట్టి చూసి మళ్లీ గీకాను. "అరె, ఆపురా! గంత గీకితె తిననీకె ఏం మిగుల్తది?" అని అరిచింది. ట్యాగు పిల్ల ముక్కుకి చున్నీ, చేతిలో ఫోను, కుక్కర్ కూతలు లెక్కపెడుతోంది. "పద్నాలుగండీ... పదిహేనండీ... ఇంక దించొచ్చాండీ?" పదిహేనో కూతకి స్టేషను మాస్టారు మెట్లెక్కి వచ్చారు, చేతిలో పుట్టినరోజు పులిహోర విస్తరితో. జన్మలో మాంసం ముట్టని మనిషి, గాలి వీచే వైపు కుర్చీ వేసుకుని "వాసన పీల్చడానికి దోషం లేదనుకుంటానండి" అని పులిహోర తినసాగారు.

అక్కకి మిగిలినవి నాలుగు పళ్లు. రొట్టె తుంచి, పులుసులో నానేసి, మెత్తని ముక్క ఒకటి ఏరి నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. చాలాసేపు నమిలింది. 

"ఉప్పు తక్కువైంది" అంది. ఆ తర్వాత రొట్టెన్నర తినేసింది. కంచం అంచు వేలితో తుడిచి, నన్ను చూసి అడిగింది. "నీ కాయితంల నువ్వేం రాసినవ్ పిలగా? నీకేమొచ్చింది?"

అప్పటిదాకా నాకా సంగతి తట్టనేలేదు. "పద్నాలుగు కార్డులిచ్చానండీ, పదమూడే వచ్చాయి" అంది ట్యాగు పిల్ల. పద్నాలుగోదాని మీద నేను "పౌష్టికాహారం" గుండ్రంగా రావడానికి నాలుగుసార్లు దిద్దుకున్నాను.

"గిప్పుడు జెప్పు మల్ల. నీకేం గావాలె?"

ఇది జరిగి పన్నెండేళ్లయింది. అక్క లేదు, మాస్టారూ లేరు. పిలగాడి ఉద్యోగం నా తర్వాత వచ్చినవాళ్లకి పోయింది. కార్డులు మాత్రం ఏటా నేనే రాస్తాను, ఎవరి మాట వాళ్ల నోట్లోంచి పడ్డది పడ్డట్టు. ఆ డాబా మీది కుర్రవాడు గుర్తొస్తే ఇప్పుడు కోపం రాదు, నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా. ఊళ్లో అందరికీ ఏం కావాలో వాడికి తెలుసు. జేబునిండా పెద్ద పెద్ద మాటలు. నీకేం కావాలిరా అని ఒక ముసలావిడ అడిగితే, పెద్దది కాదు గదా చిన్న మాటైనా దొరక్క, నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. అక్క చూసింది. రొట్టె తుంచి, కూరలో అద్ది, తెరిచిన ఆ నోట్లో పెట్టింది.

ఉప్పు తక్కువే.