ఆఖరి రంగం పడని నాటకం

మా చిన్నప్పుడు... వేసవి సెలవులొస్తే మా చర్చి ఆవరణలో నాటకం వేసేవాళ్ళు. ఉయ్యూరులో చెరుకు క్రషింగ్ అయిపోయి ఫ్యాక్టరీ గొట్టం పొగ మానేసిందంటే కుర్రాళ్ళందరికీ ఖాళీయే. అప్పుడు సాల్మన్ మాస్టారు కాగితాలు చంకన పెట్టుకుని బయల్దేరేవారు. రాసేదీ ఆయనే, నేర్పేదీ ఆయనే, ఎవరైనా మాట మర్చిపోతే తెర పక్కనుంచి ఊరందరికీ వినబడేలా అందించేదీ ఆయనే!

స్టేజి అంటే బల్లలు, టార్పాలిన్లు, అమ్మల చీరల తెర... సామాన్లు మాత్రం అసలువే. మంచం, పెట్టె, గిన్నెలు ఎవరింట్లోంచో అడిగి తెచ్చేవాళ్ళు. ఇచ్చినవాళ్ళ పేరు మైకులో చదివేవాళ్ళు. ఆ పేరు కోసమే ఇచ్చేవాళ్ళూ ఉండేవాళ్ళు లెండి.

నాది అయిదో తరగతి అయిపోయిన వేసవిలో వేసింది ఆస్తి పంపకాల నాటకం. తండ్రి పోయాక ఇద్దరు కొడుకులు గరిటెల దగ్గర కూడా కొట్టుకుంటారు... కడుపు చెక్కలయ్యే నవ్వులు. ఆఖరి రంగంలో తల్లి ఇల్లు వదిలి బయల్దేరుతుంది. కొడుకులిద్దరూ ఆవిడ కాళ్ళ మీద పడి, పంచుకున్నవన్నీ మళ్ళీ ఒక్క ఇంట్లో చేరుస్తారు.

రిహార్సల్స్ మా వరండాలోనే. మా నాయనమ్మ మార్తమ్మ చింతపండులో గింజలు తీస్తూ అంతా వినేది. తాతయ్య పోయి అప్పటికి ఏడాది. బాబాయి పక్క వీధిలో అద్దెకు వెళ్ళిపోయాడు. సామాన్లు పంచమని పిన్ని, మొదట్నుంచీ మేం వాడుకుంటున్నవే కదా అని అమ్మ. నేనుండగా పంపకాలు లేవని నాయనమ్మ... ఆదివారం చర్చి అయ్యాక మాత్రం రెండు కుటుంబాలూ మా ఇంట్లోనే తినేవాళ్ళం. వారం మొత్తమ్మీద నాయనమ్మ కడుపునిండా తినేది ఆ పూటే.

మాస్టారు సామాన్లు అడగ్గానే ఒప్పేసుకుంది.

"తీసకెళ్ళండి మాస్టారూ... మావోళ్ళిద్దర్నీ ముందు బెంచీలో కూచోబెట్టండి, అదే పదివేలు. ఆ చివరాకర్ది వాళ్ళు చూడాల."

అలా మా పట్టెమంచం, భోషాణం, గోడ గడియారం, ఇత్తడి గంగాళం నాటకానికి వెళ్ళాయి. మా అందరికీ తలంటు నీళ్ళు కాగేది ఆ గంగాళంలోనే.

ఆ సాయంత్రం నాన్న, బాబాయి ముందు బెంచీలో ఒకే చోట కూర్చున్నారు. అమ్మ చాపకి ఈ చివర, పిన్ని ఆ చివర... మైకులో మార్తమ్మగారికి కృతజ్ఞతలు చెబితే నాయనమ్మ చెంగు సర్దుకుంది.

పంపకాల రంగం వచ్చింది. పెద్దకొడుకు వాటా స్టేజికి ఎడం పక్క, చిన్నకొడుకు వాటా కుడి పక్క పేర్చారు. మధ్యలో స్టూలు మీద తల్లి... కొడుకులిద్దరూ చెరో చెయ్యీ పట్టుకుని లాగుతూ, "అమ్మ ఈ నెల నీకు, వచ్చే నెల నాకు! మా ఆవిడకి ఒంట్లో బాగోకపోతే మాత్రం వెంటనే నాకే!" అంటే జనం పడీపడీ నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది నాయనమ్మే. తర్వాత ఏమొస్తుందో ఆవిడకి తెలుసు కదా.

అంతలో గాలిదుమారం లేచింది. టార్పాలిన్ చిరిగి ఎగిరిపోయింది, కరెంటు పోయింది, వెనకే వాన. "ముందు సామాన్లు చేరెయ్యండ్రా!" అని మాస్టారి కేక. స్టేజికి ఎడం పక్క సందు మా ఇంటికి, కుడి పక్క సందు బాబాయి ఇంటికి... ఎడం పక్కనున్నవాళ్ళు మంచం, భోషాణం మా ఇంట్లో దించారు. కుడి పక్కవాళ్ళు గంగాళం, గడియారం బాబాయింట్లో దించారు. రెండూ మార్తమ్మగారి కొడుకుల ఇళ్ళేగా అనుకున్నారు, పాపం.

తెల్లారి నాన్న తేవడానికి వెళ్తే బాబాయి నవ్వుతూ, "దేవుడే పంచిపెట్టాడన్నయ్యా... మళ్ళీ కదిలించడం ఎందుకులే" అన్నాడట. నాన్న కూడా నవ్వుతూనే తిరిగొచ్చాడు. వచ్చేసరికి అమ్మ భోషాణానికి తాళం వేసి, చెవి బొడ్లో దోపుకుంది.

ఆ ఆదివారం బాబాయి వాళ్ళు భోజనానికి రాలేదు. మరి ఎప్పుడూ రాలేదు.

నాయనమ్మ మాస్టారి చుట్టూ తిరిగింది. "ఆ ఒక్క ముక్కా ఆడించండి బాబూ... తెర గూడా వొద్దు" అని బతిమాలింది. ఆయన అలాగేనమ్మా అంటూనే ఉన్నారు. పెద్దకొడుకు వేషం వేసినతను కొండపల్లిలో పని దొరికి వెళ్ళిపోయాడు. బళ్ళు తెరిచారు. మాస్టారికి బదిలీ అయింది.

నాటకంలో నవ్వించిన మాటే మా ఇంట్లో ఏర్పాటయి కూర్చుంది... నాయనమ్మ ఒక నెల మా దగ్గర, ఒక నెల బాబాయి దగ్గర. బైబిలు, కళ్ళజోడు, చీరలు ఉన్న సంచీ నేనే మోసేదాన్ని. దారిలో చర్చి ఆవరణ దగ్గర ఆగేది. "ఆ వాన ఇంకాసేపాగి వస్తే దాని సొమ్మేం పోయిందే..." అనేది. నేను సంచీ చెయ్యి మార్చుకునేదాన్ని.

పిన్ని ఒక్కత్తే చెడ్డది అనుకుంటే నాకు హాయిగా ఉండేది. కానీ మా అమ్మా తక్కువ తినలేదు.

నాయనమ్మ మా నెలలో పోయింది. స్నానం చేయించడానికి నీళ్ళు కాచాలి, పెద్ద గిన్నె కావాలి. "వాళ్ళనడిగేదేంటి?" అంది అమ్మ. బాబాయి వరండాలో గోడకానుకుని ఏడుస్తున్నాడు... నిజంగానే ఏడుస్తున్నాడు. కానీ గంగాళం తెస్తానని ఆయనా అనలేదు. నాన్న తల దించుకుని కూర్చున్నాడు. చివరికి పక్కింటివాళ్ళ అల్యూమినియం డేక్షాలో నీళ్ళు కాగాయి. మా అందరికీ ఆ గంగాళం నీళ్ళతో తలంటి పెంచిన మనిషికి ఆఖరి స్నానం అలా జరిగింది.

మొన్న భవానీపురంలో బాబాయి కొడుకు ఫ్లాట్‌కి వెళ్ళాను. హాల్లో గంగాళం, తళతళా మెరుస్తూ... నిండా ప్లాస్టిక్ పూలు. "యాంటిక్ అక్కా!" అన్నాడు మురిసిపోతూ. లోపల చెయ్యి పెట్టి చూశాను. మసి మరక కూడా లేకుండా తోమించేశాడు.

ఇప్పుడు వేసవికి నాటకాలూ లేవు, అడిగితే మంచం ఇచ్చే ఇళ్ళూ లేవు... మీ ఊళ్ళో వేసవి నాటకాలు చూసినవాళ్ళుంటే చెప్పండి. ముఖ్యంగా ఉయ్యూరులో ఆ నాటకంలో వేషం కట్టినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆఖరి రంగం మాటలు గుర్తున్నంతవరకు కింద రాయండి. నాన్నా, బాబాయీ ఇద్దరూ ఇంకా ఉన్నారు. మాటల్లేవు. ఇద్దరికీ విడివిడిగా చదివి వినిపిస్తాను.